ఏటిగట్టు మీద పాఠం: 6–8 తరగతుల పిల్లలకు నదుల రక్షణ నేర్పడం ఎలా?

మొదటి ఏడాది నేనూ అందరూ చేసే పనే చేశాను. ఏడో తరగతి పిల్లలకు తలా ఒక చార్టు ముక్క ఇచ్చి, నదుల్ని కాపాడుకోవడం మీద పోస్టర్ వెయ్యమన్నాను. నలభై రెండు పోస్టర్లు వచ్చాయి. నలభై రెండింటిలోనూ నది నీలం రంగులోనే ఉంది. అది ఆగస్టు నెల. మా బడి నుంచి అర కిలోమీటరు నడిస్తే గౌతమి పాయ. ఆగస్టులో గోదారి చిక్కటి టీ రంగులో ఉంటుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కొండల మట్టినంతా మోసుకొచ్చే రోజులవి. రోజూ ఏటిగట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ బడికొచ్చే పిల్లలు కూడా నీలమే వేశారు.

పోస్టర్లు గోడకి అంటించాను గానీ, మనసులో ఒకటే పీకులాట. కళ్ళెదురుగా ఉన్న ఏరు ఏ రంగులో ఉందో చూడని పిల్లలకు దాని రక్షణ గురించి ఏం చెప్తాం? ఆ తర్వాత ఐదేళ్ళలో ఈ పాఠాన్ని నాలుగుసార్లు మార్చాను. ఇప్పుడు నేను చెప్పే పద్ధతి ఇది. ముందు చూడటం, తర్వాత కొలవటం, ఆ తర్వాతే రక్షణ. రక్షణ దగ్గరికొచ్చాక కూడా నినాదాలు వద్దు. రక్షణ అంటే ఫలానా చోట ఫలానా పని చెయ్యకూడదని ఎవరో ఎవరికో చెప్పడం. అలా చెప్పినప్పుడు ఎవరికో ఎంతో కొంత నష్టం వస్తుంది. పదకొండు నుంచి పదమూడేళ్ళ పిల్లలకు న్యాయం, అన్యాయం అంటే మహా పట్టింపు. పాఠాన్ని అక్కడ పట్టుకుంటే వాళ్ళే లాక్కుపోతారు.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏమేం కావాలి

పది పీరియడ్లు, ఒక పూట బయటి నడక, మొత్తం మీద ఆరు వారాలు. సైన్సు, సోషల్, లెక్కల మాస్టార్లు ముగ్గురూ కలిస్తే ఎవరి సిలబస్సూ వెనకబడదు. జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా గడపమంది కాబట్టి, హెడ్మాస్టారు అడిగితే ఆ మాట చెప్పండి. బడిలో జాతీయ హరిత దళం (పర్యావరణ క్లబ్బు) ఉంటే దాని కిందే నడిపించొచ్చు.

కాలం మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. జూలై నుంచి అక్టోబరు దాకా వరద భయం. డెల్టాలో వేసవి వస్తే కాలువలు కట్టేస్తారు, కొలవడానికి నీళ్ళుండవు. నవంబరు అన్నిటికీ అనువు. నీళ్ళు తేరుకుంటాయి, ఎండ ఉండదు, పైగా కార్తీకమాసం. దాని సంగతి తర్వాత చెప్తాను.

సామాన్లు: ఇరవై మీటర్ల తాడు, కొలత టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, టీ జల్లెడ, తెల్ల ప్లాస్టిక్ పళ్ళెం, థర్మామీటరు, నీళ్ళలో ఆమ్ల గుణమో క్షార గుణమో చూపించే పీహెచ్ కాగితాలు (అక్వేరియం షాపులో దొరుకుతాయి), రెండు నారింజ పళ్ళు.

మొదటి మెట్టు: పెద్ద ఏరు వద్దు, చిన్న ముక్క ఎంచుకోండి

గోదావరి, కృష్ణ పిల్లల కంటికి ఆనవు. ఊరి పంట కాలువలోనో వాగులోనో రెండు వందల మీటర్ల ముక్క చాలు. ఒక చివర తూమో వంతెనో గుర్తుగా ఉండాలి. మనుషులు ఏదో ఒక పనికి వాడే చోటైతే మరీ మంచిది: బట్టలుతికే రేవు, గేదెలు దిగే చోటు, రొయ్యల చెరువు నీళ్ళు వచ్చి కలిసే మొగ.

హైదరాబాదు టీచర్లు "మాకు మూసీ ఉంది, దగ్గరికి ఎలా తీసుకెళ్తాం?" అంటారు. వెళ్ళక్కర్లేదు. కుళాయి దగ్గర మొదలుపెట్టండి. నగరానికి మంచినీళ్ళిచ్చే వాటిలో మంజీరా ఒకటి. సంగారెడ్డి దగ్గర ఆ జలాశయమే వన్యప్రాణి అభయారణ్యం, అందులో మొసళ్ళుంటాయి. తాగే నీళ్ళు మొసళ్ళున్న చోటు నుంచి వస్తాయని తెలిస్తే పాఠం సగం అయిపోయినట్టే. అక్కడి నుంచి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాకా వెళ్ళొచ్చు. 1908 వరద తర్వాత మూసీని అదుపు చెయ్యడానికి కట్టిన చెరువులివి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలకు హద్దులు పెట్టి 1996లో జీవో 111 ఇచ్చారు. దాన్ని ఉంచాలా తియ్యాలా అన్న గొడవ పిల్లల ఇళ్ళలో వినిపించేదే.

రెండో మెట్టు: వరండాలో గోదావరి

గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. కిలోమీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున తాడు కొలిస్తే పద్నాలుగు మీటర్ల అరవై ఐదు సెంటీమీటర్లు వస్తుంది. బడి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి సరిపోతుంది. తాడు పరిచి, ఒక చివర త్ర్యంబకం, రెండో చివర సముద్రం అని చెప్పండి. పిల్లలు ఊళ్ళ పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నిలబడాలి.

ముందు బాసర ఎక్కడుంటుందో ఊహించమనండి. మా పిల్లలంతా త్ర్యంబకం పక్కనే నిలబెట్టారు. గోదావరి మహారాష్ట్రలోనే 694 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే బాసర దగ్గర తెలంగాణలో అడుగుపెట్టేసరికి తాడు దాదాపు సగం అయిపోతుంది. "అంటే మనకి సగం వాడిన నీళ్ళు వస్తాయా?" అని ఒక పిల్ల అడిగింది. దానికి నేను జవాబు చెప్పలేదు, బోర్డు మీద రాసి ఉంచాను. కాళేశ్వరం దగ్గర ఇంకో లావు తాడు కలపండి, అది ప్రాణహిత. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతు దానిదే. ధవళేశ్వరం దగ్గర తాడుకి అడ్డంగా స్కేలు పెట్టండి, అది ఆనకట్ట. 1852లో ఆర్థర్ కాటన్ కట్టించిన దాని స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. కింద తాడు పోగులు విడదీస్తే పాయలు.

ఇప్పుడు అసలు పని. ఆకుపచ్చ రిబ్బను ముక్కలు ఇచ్చి, ఏటి పక్కన చట్టం కాపాడే చోట్లెక్కడో కట్టించండి. పై నుంచి వస్తే నాసిక్ జిల్లాలో నందూర్ మధ్మేశ్వర్, మహారాష్ట్రలో మొట్టమొదటి రామ్సార్ స్థలం, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేల. పైఠాన్ దగ్గర జాయక్‌వాడి పక్షుల అభయారణ్యం. తెలంగాణలో మొసళ్ళుండే శివ్వారం, ఆ కింద ఏటూరునాగారం. ఆంధ్రలో పాపికొండల జాతీయ పార్కు, చిట్టచివర కోరింగ. రిబ్బన్లు కట్టడం అయ్యాక పిల్లల్ని రెండడుగులు వెనక్కి జరిగి చూడమనండి. తాడు చాలా మటుకు బోసిగా ఉంటుంది. మన దగ్గర నది మొత్తాన్ని రక్షిత నది అని ప్రకటించే చట్టం లేదు. అడవి ఉన్న చోట అడవి చట్టం, జంతువులున్న చోట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, మురుగు కలిసే చోట 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం, సముద్రం దగ్గర తీరప్రాంత నిబంధనలు. ముక్కలు ముక్కలుగా కాపలా. ఈ మాట వాక్యంగా చెప్తే పిల్లలకి ఎక్కదు, తాడు మీద కనపడితే వాళ్ళే చెప్తారు.

మూడో మెట్టు: ఏటి దగ్గరికి వెళ్ళే ముందు

ఇక్కడ మొహమాటం వద్దు. నీళ్ళ దగ్గర పిల్లలతో ఒక్క క్షణం ఏమరుపాటు చాలు. నేను పెట్టుకున్న నియమాలు ఇవి.

ఎనిమిది మందికి ఒక పెద్ద. వాళ్ళలో ఒకరైనా ఆ ఊరి జాలరి అయి ఉండాలి, ఈత రావడమే కాదు, ఆ నీళ్ళ గుట్టు తెలిసిన మనిషి. తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. ముందు రోజు సాయంత్రం కాలువ నీళ్ళు చూసుకునే లస్కర్‌ని కలిసి, మర్నాడు పై నుంచి నీళ్ళు వదులుతున్నారా అని అడగాలి. కాలువ నీటి మట్టం ఎప్పుడు పెరుగుతుందో అతనికి తెలిసినట్టు ఆఫీసులో కూర్చునే వాళ్ళకి తెలియదు. మోకాలి లోతు దాటిన చోట పిల్లలెవరూ దిగకూడదు, లోతు కొలవడం పెద్దల పనే. ఇసుక తవ్విన చోటికి అసలు వెళ్ళకూడదు. పైకి మడుగులా కనిపించే చోట లోపల నిలువు లోతు గుంట ఉండొచ్చు. ఇవన్నీ పెట్టుకున్నా మొదటి నడకలోనే ఒకడి చెప్పు కొట్టుకుపోయింది. దాని వెనకాల వాడు రెండడుగులు వేశాడు. జాలరి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ తర్వాత నుంచి చెప్పులు గట్టు మీదే వదిలేయిస్తున్నాను.

నాల్గో మెట్టు: కొలవడం

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఉండండి. మా పిల్లలకి బాగా గుర్తుండిపోయింది ఇదే.

*ప్రవాహం.* గట్టు వెంబడి పది మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతండి. పై కర్ర దగ్గర నారింజ పండు వదలండి. నారింజ నీటిలో చాలా మటుకు మునిగి తేలుతుంది, గాలికి కొట్టుకుపోదు. థర్మాకోల్ ముక్క వేస్తే గాలి వేగం కొలిచినట్టే అవుతుంది. కింద కర్ర దగ్గరికి ఎన్ని సెకన్లలో వచ్చిందో మూడుసార్లు చూసి సగటు తీయండి. మా కాలువలో ఒకసారి 25 సెకన్లు పట్టింది, అంటే సెకనుకి 0.4 మీటర్లు. వెడల్పు 3 మీటర్లు, సగటు లోతు 0.6 మీటర్లు. మూడూ గుణిస్తే 0.72. నీళ్ళు అడుగున కొంచెం నెమ్మదిగా కదులుతాయి కాబట్టి దాన్ని మళ్ళీ 0.85తో గుణిస్తే సెకనుకి దాదాపు 0.61 ఘనపు మీటర్లు. అంటే సుమారు 610 లీటర్లు.

ఇప్పుడు టీవీలో వినే మాట తీసుకురండి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి 28.3 లీటర్లు. మన కాలువలో పారుతున్నది ఇరవై ఒకటిన్నర క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 10 లక్షల క్యూసెక్కుల దగ్గర. 1986 ఆగస్టు వరదలో 35 లక్షలు దాటింది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 35 లక్షలు అదే లెక్కన రోజంతా పారితే 302 టీఎంసీలు, నాగార్జునసాగర్ దాదాపు నిండిపోతుంది. ఈ లెక్క చేసిన రోజు ఇంటికెళ్ళి తాతయ్యల్ని 86 వరద గురించి అడగని పిల్ల లేదు. లెక్కల మాస్టారు కూడా అడిగారు, ఆయన అప్పటికి నాల్గో తరగతిట.

*తేట.* కూల్‌డ్రింక్ సీసా మెడ కోసేసి, అడుగున బయట నల్ల ఇంటూ గుర్తు గీసిన తెల్ల కాగితం అంటించండి. కాలువ నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ పై నుంచి చూడండి. గుర్తు మాయమైన చోట ఆపి నీటి ఎత్తు కొలవండి. ఆగస్టులో మూడు నాలుగు సెంటీమీటర్లకే మాయమవుతుంది, డిసెంబరులో సీసా నిండినా కనపడొచ్చు. మట్టి నీళ్ళు వేరు, మురికి నీళ్ళు వేరు అని ఇక్కడే చెప్పాలి. ఎర్రనీరు గోదారి జబ్బు కాదు. ఆ మట్టే డెల్టాని కట్టింది. కోనసీమ లంకలన్నీ ఆ ఒండ్రే. పులస చేప సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చేది కూడా ఎర్రనీరు దిగాకే. తేటగా ఉన్న నీళ్ళు మంచివి, ఎర్రగా ఉన్నవి చెడ్డవి అనే పాఠం మాత్రం ఇవ్వకండి.

*పురుగులు.* గట్టు అంచున గడ్డి వేళ్ళ దగ్గర జల్లెడ ఆడించి తెల్ల పళ్ళెంలో బోర్లించండి. ఒక నిమిషం ఏమీ కనపడదు. తర్వాత మట్టి కదులుతుంది. తూనీగ పిల్లలు, నత్తలు, జలగలు, ఇసుకరేణువులతో గూడు కట్టుకుని తిరిగే సన్నటి పురుగులు, తోకకి మూడు వెంట్రుకలున్న మేఫ్లై పిల్లలు కనిపిస్తాయి. మేఫ్లై పిల్లలకు ఆక్సిజన్ బాగా కావాలి. ఎర్రటి దారప్పోగుల్లాంటి పురుగులు మాత్రమే కనిపిస్తే ఆలోచించాలి. వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆ రంగు. ఆక్సిజన్ తక్కువున్న బురదలోనూ అవి బతికేస్తాయి. ఒక జాగ్రత్త: మెల్లగా పారే డెల్టా కాలువల్లో నీళ్ళు బాగున్నా మేఫ్లైలు తక్కువే ఉంటాయి. కాబట్టి మీ కాలువని కొండ వాగుతో పోల్చొద్దు. రేవుకి పైన ఒక చోట, కింద ఒక చోట చూసి ఆ రెంటినీ పోల్చండి. లెక్క రాసుకున్నాక దేన్ని ఎక్కడ తీశారో అక్కడే వదిలెయ్యాలి.

*ఆక్సిజన్.* నీటిలో కరిగిన ఆక్సిజన్ అంటే పిల్లలు తెల్లమొహం వేస్తారు. మా వైపు అయితే ఒక్క ప్రశ్న చాలు: చేపల చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళెందుకు తెరుస్తాయి? రొయ్యల చెరువులో రాత్రిళ్ళు ఏరియేటర్లు ఎందుకు తిప్పుతారు? సగం మంది ఇళ్ళలో జవాబు తెలుసు. చన్నీళ్ళలో ఎక్కువ ఆక్సిజన్ ఇముడుతుంది, వేడెక్కిన కొద్దీ తగ్గుతుంది. మురుగు కలిస్తే దాన్ని తినే సూక్ష్మజీవులు పెరిగి ఉన్న ఆక్సిజన్‌ని వాడేస్తాయి. టెస్ట్ కిట్ కొనగలిగితే కొనండి, లేకపోతే ఉష్ణోగ్రత, వాసన, పురుగుల లెక్కతో సరిపెట్టుకోండి.

క్లాసులోకి వచ్చాక కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొలమానం బోర్డు మీద రాయండి. స్నానానికి పనికొచ్చే నీళ్ళలో లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. చేపలూ వన్యప్రాణులూ బతకడానికి కనీసం 4. క్రిములు చంపి నేరుగా తాగడానికైతే 6. "చేపకి నాలుగు చాలా? మనకి ఆరా?" అని అడుగుతారు. అడగనివ్వండి.

ఐదో మెట్టు: రక్షణ అంటే ఏం ఆపడం?

నాలుగు అట్టలు చేసుకోండి. ఒక్కో అట్ట మీద ఒక్కో చోటు. పిల్లలు నాలుగు గుంపులుగా కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు వెతకాలి: దేన్ని కాపాడుతున్నారు? ఏ పని ఆపారు? ఎవరికి కష్టమైంది?

మొదటిది చంబల్. రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ మీదుగా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ఏటినే అభయారణ్యం చేశారు. సన్నటి పొడుగు మూతి ఉండే ఘరియాల్ మొసళ్ళు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా మిగిలింది అక్కడే. గంగా డాల్ఫిన్లు కూడా ఉన్నాయి. ఘరియాల్ ఎండాకాలంలో ఇసుక దిబ్బలో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది, వానలకు ముందు పిల్లలు బయటికొస్తాయి. అందుకని అక్కడ ఇసుక తవ్వకం నిషిద్ధం. ఇసుక అంటే ఇల్లు కట్టుకునే సరుకని మాత్రమే తెలిసిన పిల్లలకు, అది మొసలికి కూడా ఇల్లేనని తెలిసేది ఈ అట్ట దగ్గరే. అయినా దొంగ తవ్వకం ఆగలేదని కూడా చెప్పండి. చట్టం రాసినంత మాత్రాన పని అయిపోదు.

రెండోది మన కోరింగ. 1978లో అభయారణ్యం అయింది, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. గోదారి సముద్రంలో కలిసే చోట మడ అడవులు. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచే శ్వాస వేళ్ళు, నీటికుక్కలు, చేపలు పట్టి తినే నీటిపిల్లి. చెట్లు నరకడం ఆపారు. మరి చుట్టుపక్కల మత్స్యకారుల వంటచెరుకు? ఈ ప్రశ్నకు పిల్లలు చెప్పే జవాబులు పుస్తకాల్లో వాటికన్నా మెరుగ్గా ఉంటాయి. మా దగ్గర ఒకడు, మడ చెట్లు పోతే పీతలు పోతాయి, పీతలు పోతే మా మావయ్యకి పొయ్యి మీద పెట్టడానికి ఏమీ ఉండదు, ఇంక కట్టెలెందుకు అన్నాడు.

మూడోది అమెరికా. 1968 అక్టోబరు 2న అక్కడ ప్రత్యేకంగా నదుల కోసమే చట్టం వచ్చింది. ఎనిమిది నదులతో మొదలై ఇప్పుడు రెండు వందలు దాటింది. ఆ ముక్కల్లో పారే నీటికి అడ్డంగా కొత్త ఆనకట్టలు కట్టకూడదు. నదిని మూడు తరగతులు చేస్తారు: కాలిబాట తప్ప రోడ్డు లేని అడవి ఏరు, అక్కడక్కడా రోడ్డు తగిలే సుందరమైన ఏరు, రోడ్డు మీదో రైల్లోనో సులువుగా చేరుకోగలిగే, గట్ల మీద కొన్ని కట్టడాలున్న ఏరు. మన పిల్లలు దీన్ని పట్టుకుని గోదారిని విభజిస్తారు. పాపికొండలు ఏ తరగతి, పుష్కర ఘాట్ ఏ తరగతి అని వాదించుకుంటారు. అక్కడుండే తెలుగు తల్లిదండ్రులైతే తమ రాష్ట్రంలో ఈ జాబితాలో ఉన్న నది ఉంటే పిల్లల్ని నేరుగా అక్కడికి తీసుకెళ్ళొచ్చు. వరండా తాడు కన్నా అదే మేలు.

నాలుగోది న్యూజిలాండ్‌లో వాంగనూయీ నది. 2017లో అక్కడి పార్లమెంటు ఆ నదికి మనిషికున్నట్టే చట్టపరమైన హక్కులిచ్చింది. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరు ప్రతినిధులుంటారు. అదే ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునల గురించి ఇలాంటి తీర్పే ఇచ్చింది గానీ కొద్ది నెలల్లోనే సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. ఎందుకు నిలిపేసి ఉంటుందని అడగండి. "నది వరదొచ్చి ఇల్లు కూలిస్తే కేసు ఎవరి మీద పెడతాం?" అని మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అంది. ఆ రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో లేవనెత్తిన వాటిలో అలాంటి ప్రశ్న కూడా ఉంది.

ఆరో మెట్టు: ఊరి సభ

ఇప్పుడు వాదన. అంశం ఒక్కటే: మన రేవుకి పైన కిలోమీటరు, కింద కిలోమీటరు ఇసుక తవ్వకం ఆపాలా వద్దా? పాత్రలు: ట్రాక్టర్ డ్రైవరు, ర్యాంపులో (ఏట్లోంచి ఇసుక తీసి లోడు చేసే చోటు) కూలీ, ఇల్లు కట్టుకుంటున్న ఆవిడ, మత్స్యకారుడు, బోరు కింద కొబ్బరితోట ఉన్న లంక రైతు, వంతెన ఇంజినీరు. వాంగనూయీ పద్ధతిలో ఇద్దరు పిల్లలు ఏటి తరఫున మాట్లాడాలి. సర్పంచ్ పాత్ర చురుకైన వాళ్ళకి కాకుండా ఎప్పుడూ మాట్లాడని పిల్లకి ఇవ్వండి. అందరి మాటా విని తీర్పు చెప్పే పని కాబట్టి తనకి టెన్షన్ తక్కువ.

రెండు నియమాలు. ఒకటి, ఎవరు లేచినా ముందు మాట్లాడినవాళ్ళు ఏమన్నారో ఒప్పచెప్పి, తర్వాతే తన మాట చెప్పాలి. రెండు, ఏ బిడ్డకీ సొంత ఇంటివాళ్ళ పాత్ర ఇవ్వకూడదు. ఈ రెండో నియమం నేను దెబ్బ తిని నేర్చుకున్నది. మొదటిసారి సభ పెట్టినప్పుడు ఇసుక తవ్వేవాళ్ళందరూ దొంగలని ఒకడు గట్టిగా అన్నాడు. వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు.

"మా నాన్న ర్యాంపులో పార పని చేస్తాడండీ."

క్లాసు చప్పబడిపోయింది. నాకూ వెంటనే మాట రాలేదు. చివరికి, "మీ నాన్నకి రోజుకి ఎంతిస్తార్రా? ట్రాక్టరు లోడు ఎంతకి అమ్ముతారు?" అన్నాను. వాడికి రెండూ తెలుసు. బోర్డు మీద రాశాం. కూలీకి దక్కేదెంత, మిగిలింది ఎవరికి పోతుందో పిల్లలే తీసేశారు. అక్కడి నుంచి వాదన మనుషుల మీద నుంచి లెక్క మీదకి మళ్ళింది. ఎంత ఇసుక తీస్తే ఏరు మళ్ళీ నింపుకోగలదు, వంతెన స్తంభాల చుట్టూ ఎంత దూరం వదలాలి, ఇసుక అడుగంటితే పక్క బోర్లలో నీళ్ళెందుకు కిందికి పోతాయి?

ఈ చివరి ప్రశ్నకు చెలమ చూపించండి. ఏటి ఇసుకలో మూరెడు లోతు చేత్తో తవ్వితే నీళ్ళు ఊరతాయి, తేటగా ఉంటాయి. ఇసుకే నీటిని పట్టి ఉంచే తొట్టి, వడపోసే జల్లెడ. బడిలో చెయ్యాలంటే బకెట్టు నిండా ఇసుక పోసి, నీళ్ళు పట్టించి, గరిటెతో మధ్యలో గుంట చేసినా సరిపోతుంది.

కార్తీకం సంగతి

కార్తీక పౌర్ణమి మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్ళి ఏం మిగిలిందో లెక్కపెట్టండి. అరటి దొప్పల్లో వదిలిన దీపాలు, థర్మాకోల్ పళ్ళేల్లో వదిలినవి, ప్లాస్టిక్ కవర్లు, పూలదండల నైలాన్ దారాలు విడివిడిగా లెక్కించాలి. దీపాలు వదలడం తప్పని మాత్రం ఒక్క మాట కూడా అనొద్దు. ఇంట్లో అమ్మ చేసే పని తప్పని బడిలో చెప్తే పిల్ల ఇటూ అటూ కాకుండా నలిగిపోతుంది, పాఠం గోదాట్లో కలుస్తుంది. లెక్క ఇంటికి తీసుకెళ్తే చాలు. మరుసటి ఏడు మా వీధిలో థర్మాకోల్ పళ్ళేలు తగ్గాయి. దానికి కారణం మా పిల్లలో, దుకాణంలో సరుకు రాకపోవడమో నేను చెప్పలేను.

చెత్త ఏరే కార్యక్రమం పెట్టి ఫొటోలు దిగడం కూడా నేను మానేశాను. రెండు గంటలు ఏరతారు, మూడు రోజుల్లో మళ్ళీ అంతే. పిల్లలకు మిగిలేది నీరసం. ఏరి తీరాలనుకుంటే, ఏరిన దాన్ని ఏ రకం ఎంత అని రాసి పంచాయతీకి ఇవ్వండి. డబ్బా ఎక్కడ పెట్టాలో అప్పుడు వాళ్ళకీ తెలుస్తుంది.

ఏం నేర్చుకున్నారో ఎలా తెలుస్తుంది?

"నదుల రక్షణకు ఐదు మార్గాలు రాయుము" అనే ప్రశ్న వెయ్యకండి. గైడ్‌లో జవాబు ఉంటుంది. రెండు నెలల కొలతలు పక్కపక్కన ఇచ్చి, ఈ మధ్యలో కాలువకి ఏమై ఉంటుందో రాయమనండి. తేట తగ్గి ప్రవాహం పెరిగితే వానలు. తేట తగ్గి ప్రవాహం కూడా తగ్గితే ఇంకేదో కలిసింది. జవాబు తప్పైనా కారణం సరిగ్గా ఉంటే సగం పైన మార్కులు వేస్తాను. ఇంకొకటి, మొదటి రోజు లాగే మళ్ళీ నది బొమ్మ వెయ్యమంటాను. కిందటేడు చార్టులు పంచుతుంటే ముందు బెంచీ పిల్ల "ఏ నెలది వెయ్యాలండీ?" అంది. ఆ రోజు ఆమె పేపరు దిద్దక్కర్లేదనిపించింది.

ఏటి పుస్తకం

చివరగా, లావుపాటి లాంగ్ నోటుబుక్కు ఒకటి పెట్టండి. నెలకొకసారి ఇద్దరు పిల్లలు పెద్దవాళ్ళతో వెళ్ళి తేదీ, తూము మెట్ల మీద నీటి మట్టం, నారింజకి పట్టిన సెకన్లు, తేట, వేడి, కనపడిన పురుగులు రాసి సంతకం పెట్టాలి. కాలువ కట్టేసిన నెలల్లో "నీళ్ళు లేవు" అని రాయాలి, వదిలెయ్యకూడదు. ఏడో తరగతి ఎనిమిదికి వెళ్ళేటప్పుడు పుస్తకాన్ని కింది తరగతికి అప్పగించాలి. మూడేళ్ళయితే గ్రామసభలో పెట్టి మాట్లాడేంత లెక్క చేతిలో ఉంటుంది.

మా పుస్తకంలో మొన్న జూన్‌లో అప్పగించినప్పటి పేజీ ఇలా ఉంది: "తూము రెండో మెట్టు విరిగిపోయింది. మేము పై నుంచి మూడో మెట్టు దగ్గర సున్నం గీత గీశాం. మీరు అక్కడి నుంచి కొలవండి. పాత లెక్కకి 18 సెంటీమీటర్లు కలపడం మర్చిపోకండి. నారింజలు దొరక్కపోతే బత్తాయి వెయ్యొద్దు, పాత లెక్కతో పోల్చలేం."